పొల్లు పోనివ్వని మనిషి

ఆయన పోయాడన్న సంగతి నాకు వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది. మా తెలుగు సంఘం కార్యదర్శి పెట్టాడు. ఆయన ఫొటో, దాని చుట్టూ తిరిగే గులాబీలు, వెనక ఎవరో ఏడుపుగొంతుతో పాడిన పాట. ఫోన్‌లోంచి ఆ పాట రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు వచ్చింది. ఉన్నమాట చెప్పాలి కదా, నాకు మొదట నవ్వొచ్చింది. పాపం అనిపించడానికి కొంచెం సేపు పట్టింది, అదీ కొంచెమే. ఊళ్లోవాళ్లు వినే పాటలన్నిటికీ జీవితమంతా ముక్కు మూసుకున్న మనిషి, చివరికి ఆ పాటతోనే బిలాస్‌పూర్ తెలుగువాళ్లందరి ఫోన్లలోనూ ఊరేగాడు. బతికుండి వింటే ఇంకోసారి పోయేవాడు.

నాకాయన బాబాయి వరస. వరసే, చుట్టరికం లేదు. రైల్వే క్వార్టర్లలో గోడకి గోడ ఆనుకుని బతికిన మా శ్రీకాకుళం వైపు వాళ్లందరికీ ఏదో ఒక వరస కుదిరిపోతుంది. మా నాన్న గూడ్సు గార్డు, ఆయన పార్శిల్ ఆఫీసులో గుమాస్తా. నాకు పదిహేనేళ్లప్పుడు నాన్న పోయాడు. పద్దెనిమిది నిండాక, డ్యూటీలో ఉన్నవాడు పోయాడని రైల్వేవాళ్లు దయతలచి నాకు డివిజన్ ఆఫీసులో క్లర్కు ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు నాకు యాభై దాటాయి, కళ్లజోడుకి రెండు నంబర్లున్నాయి, కానీ ఆయనకి మాత్రం నేను ఆఖరిదాకా “గుంట”నే, చిన్నపిల్లనే.

ఎవరింటికొచ్చినా ముందు మనుషుల్ని పలకరించేవాడు కాదు. లోపల పాటేదైనా మోగుతుంటే గుమ్మంలోనే ఆగిపోయి, కుడిచెయ్యి పైకెత్తి, కళ్లు మూసుకునేవాడు. తర్వాత ఒకటే ప్రశ్న.

“ఎంత కేబీ ఇది?”

పాటని ఎంత కుదించారో ఆ లెక్కట. మనకి తెలిస్తే కదా చెప్పడానికి.

“నూటిరవయ్యెనిమిది. అడగక్కర్లేదు, నాకు తెలిసిపోతంది. ఆపీ, ఆపీ. సెవుల్లో ఇసక పోసినట్టుంది.”

ఆపేదాకా కూర్చునేవాడు కాదు. ఆపాక కూర్చుని, టీ తాగి, ఆ ఇంట్లోవాళ్ల చెవులు ఎందుకు పనికిరావో అరగంట చెప్పి వెళ్లేవాడు. ఒకసారి మా ఆడపడుచు కూతురి పెళ్లిలో భోజనాల మధ్య ఎడంచేత్తో విస్తరి మడిచి లేచాడు. తిన్నగా డీజే దగ్గరకెళ్లి పెన్‌డ్రైవ్ పీకేసి, “బేటా, యే గానా నహీఁ హై, గానే కా జూఠన్ హై” అని వాడికి పాఠం మొదలెట్టాడు. పాట ఎంగిలి మెతుకులట. మగపెళ్లివారు కరెంటు పోయిందనుకుని బయటికి పరిగెత్తారు. పెళ్లికూతురి తండ్రి ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలుకుంటే, ఆయన ఆ చేతినే పట్టుకుని ఎంపీత్రీ ఎందుకు పాపమో వివరించాడు.

ఇదిగో ఆ వివరం. వినీ వినీ నాకు నోటికొచ్చేసింది. “గుంటా, పార్శిల్లో మంచం పంపాలనుకో. రెండు పద్ధతులు. ఒకటి, మంచం విప్పి, కోళ్లు వేరు, పట్టీలు వేరు, గట్టిగా కట్ట కట్టి పంపడం. సోటు తక్కువే తింటాది. దిగినాక బిగించుకుంటే అదే మంచం, ఒక్క మేకు తక్కువుండదు. అది లాస్‌లెస్. రెండోది, మంచం పెద్దదని కోళ్లు కోసి అవతల పారీడం. పైన దుప్పటి కప్పీసి, ‘మంచమే కదా, పడుకోండి’ అండం. అది మీ ఎంపీత్రీ. మీరంతా నేలమీద పడుకొని మంచమ్మీదున్నామనుకుంటన్నారు.” చివర్న ఒక మాట తప్పకుండా అనేవాడు. “నా దగ్గర ఒక్క పొల్లు కూడా పోదు.”

పోలిక బాగానే ఉంది, కాదనను. కానీ ఒక మంచి పోలిక దొరికిన మనిషి దాన్ని ముప్పయ్యేళ్లు వాడితే వినేవాళ్లకి మంచమంటేనే విసుగొస్తుంది.

రిటైరయ్యాక ఊరి చివర ఉస్లాపూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఎక్కడ? కట్నీ లైను పక్కన, పట్టాలకి నాలుగడుగుల దూరంలో అన్నట్టు. ఇంత సంగీతప్రియుడివి, ఇక్కడెందుకయ్యా అంటే, “రైలు సప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదమ్మా” అన్నాడు. రైలు చప్పుడు లేకపోతే నిద్రపట్టని ఆ మనిషి ఫ్యాను చప్పుడుంటే పాట వినలేడు. మే నెల ఎండలో, బిలాస్‌పూర్‌లో, ఫ్యాను ఆపించేవాడు. కుక్కరు పెట్టనిచ్చేవాడు కాదు. వాళ్లావిడ, నేను పిన్ని అంటాను, గిన్నెకి గరిటె తగలకుండా కూర కలపడం నేర్చుకుంది. అదో విద్య.

పాటల గదిలో ఒకటే కుర్చీ ఉండేది. రెండు స్పీకర్లకి సరిగ్గా నడుమ, తాడుతో కొలిచి, నాలుగు కాళ్లకి నేలమీద పెయింటుతో నాలుగు గుర్తులు పెట్టుకున్నాడు. అందులో ఆయన తప్ప ఎవరూ కూర్చోకూడదు. వచ్చినవాళ్లు గోడకి చేరబడి నిలబడాలి. “ఆడ నీకు సగమే ఇనిపిస్తాది. అయినా నీకది సాల్లే” అనేవాడు నవ్వుతూ. పాట మొదలవుతుంది, పల్లవి అవుతుంది, ఇంతలో బొగ్గు రైలు. ఠక్కున ఆపేసేవాడు. ఆఖరి పెట్టె దాటి, కిటికీ అద్దాల వణుకు ఆగేదాకా అందరం ఊపిరి బిగబట్టుకోవాలి. తర్వాత ఆపిన చోట నుంచి కాదు, మళ్లీ మొదట్నించి. తెగిన పాట పాట కాదట. మా ఊరి లైన్లమీద ఎన్ని బొగ్గు రైళ్లు తిరుగుతాయో తెలిసినవాళ్లకి లెక్క చెప్పక్కర్లేదు. కొన్ని పాటల ఆఖరి చరణం ఆయన జన్మలో విని ఉండడని నా నమ్మకం.

ఒకసారి నాకు ఒళ్లు మండి ఆయన చెవుల్ని పరీక్షించాను. ఎక్కడో దొరికిన నాసిరకం ఎంపీత్రీ పాటని ఆఫీసు కంప్యూటర్‌లో లాస్‌లెస్ ఫైలుగా మార్చాను. ఇలా మారిస్తే ఫైలు బలుస్తుందిగానీ, పోయిన కోళ్లు మళ్లీ మొలవవు. ఈ ముక్క కూడా ఆయన చెప్పిందే. పెన్‌డ్రైవ్‌లో వేసి, “బాబాయ్, భిలాయ్‌లో మా స్నేహితురాలు పంపింది, ఒరిజినలట” అన్నాను. కుర్చీలో కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు. అదృష్టం బాగుండి రైలు రాలేదు.

“ఇన్నావా? ఇన్నావా గుంటా? తబలా ఎనకాల గాలి ఇనిపిస్తంది. గాలి! ఇదీ పాటంటే.”

నేను పెదవి కొరుక్కుని బయటికొచ్చి ఆటోలో ఇంటిదాకా నవ్వాను. ఆయనకి చెప్పలేదు. చెప్పేస్తే ఒక్కరోజుతో అయిపోతుంది, దాచుకుంటే ఏడాదంతా నవ్వుకోవచ్చు. ఏడాదంతా నవ్వుకున్నాను కూడా. ఆయన చెయ్యెత్తి కళ్లు మూసుకున్నప్పుడల్లా లోపల గాలి, గాలి అనుకునేదాన్ని.

ఇంతవరకే అయితే ఆయన ఊరికి ఒకరుండే పిచ్చిమనిషి. నేను కూడా ఇంత కడుపుమంటతో రాయను. అసలు కథ మా అమ్మది.

రెండేళ్ల కిందట అమ్మకి గొంతు ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, మాట పోయింది. సదర్ బజార్‌లో చిన్నపిల్లల పలక కొనిచ్చాను. అమ్మ దానిమీద తెలుగులో రాస్తుంది. నా పిల్లలకి తెలుగు మాట్లాడ్డమే అంతంతమాత్రం, చదవడం అసలు రాదు. అందుకని అమ్మ మాట ఇంట్లో నా ఒక్కదానికే అందుతుంది. ఆ అమ్మే ఒకప్పుడు కాలనీలో ఏ పేరంటమైనా ముందు పిలిచే మనిషి. హారతి పాట ఎత్తుకుందంటే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా గరిట వదిలేసి వచ్చేవారు.

ఆ గొంతు ఒక్క కేసెట్‌లో ఉంది. నా చిన్నప్పుడు మా మావయ్య పలాస నుంచి టేప్‌రికార్డర్ పట్టుకొచ్చి, ఒక మధ్యాహ్నం అమ్మని కూర్చోబెట్టి ఆరు పాటలు పాడించాడు. మూడో పాటకి, నాలుగో పాటకి మధ్యలో నాన్న డ్యూటీ దిగి ఇంట్లోకొస్తాడు. గార్డులు మోసుకెళ్లే ఇనప్పెట్టె దించిన చప్పుడు, దగ్గు, తర్వాత ఏదో అంటాడు. అంతే, ఏడెనిమిది సెకండ్లు. నాన్నవి ఫొటోలు నాలుగున్నాయి. గొంతు మాత్రం ఆ కేసెట్‌లో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. మా టేప్‌రికార్డర్ పాడై ఇరవయ్యేళ్లు దాటింది. నాన్న ఏమన్నాడో నాకు సరిగా గుర్తులేదు. దగ్గు గుర్తుంది, టీ అన్న మాట గుర్తుంది.

ఆపరేషన్ తర్వాత ఒకరోజు అమ్మ పలక నా ముందు పెట్టింది. “ఆ కేసెట్ వినాలి. మీ నాన్న ఉన్నాడు అందులో.”

మర్నాడే సదర్ బజార్ వెళ్లాను. ఒకప్పుడు కేసెట్లు నింపిచ్చిన కొట్టు ఒకటి ఇంకా ఉంది. ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారుగానీ లోపల పాత డెక్కు పనిచేస్తోంది. “శామ్ కో లే జానా దీదీ, ఎంపీత్రీ బనా దూఁగా” అన్నాడు కొట్టతను. సాయంత్రానికి అయిపోయేది. అమ్మ దగ్గరున్న చిన్న స్పీకర్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, మోగేది. నా ఖర్మ కాలి ఆ కొట్లోనే బాబాయి వైర్లు కొంటున్నాడు.

“ఏటది? మీ అమ్మ పాటలా? ఈడికిస్తావేటి?” నా చేతిలోంచి కేసెట్ లాక్కున్నాడు. “గార్డుగారి భార్య గొంతది. దాన్ని కోసి, కుక్కి, మూట కట్టించి ఇప్పిస్తావా? బుద్ధుందేటే నీకు?”

“బాబాయ్, అమ్మ తొందరగా వినాలంటోంది. ఎంపీత్రీ చాలు.”

“సాలదు! నీకు సాలుతాది, ఆవిడకి సాలదు. నాను సేస్తాను. ఒక్క పొల్లు పోనివ్వను. ఛోడో, నువ్వింటికి పో.”

ఆ క్షణాన నేను ఒక్కమాట చెప్పాల్సింది. బాబాయ్, అందులో నాన్న మాట కూడా ఉంది, జాగ్రత్త అని. చెప్పలేదు. ఆయనతో ఒక మాటంటే పది వినాలి. అదీకాక ఒక్క పొల్లు పోనివ్వనంటున్నాడు కదా, అన్నీ ఉంటాయిలే అనుకున్నాను. కొట్టతను నా వంక జాలిగా చూసి తన పని తాను చూసుకున్నాడు.

నాలుగు నెలలు ఉంచుకున్నాడు. అడిగితే, “సంగీతం పెసరట్టు కాదే, ఎనక్కీ ముందుకీ తిప్పీసి ఇచ్చీడానికి” అనేవాడు. అమ్మ రోజూ పలక మీద “కేసెట్?” అని రాసి చూపించేది. చివరికి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. తెచ్చి అమ్మ స్పీకర్‌కి పెడితే అది కుయ్యిమని కూడా అనలేదు. ఫోన్ చేశాను.

“అమ్మ స్పీకర్‌లో మోగట్లేదు బాబాయ్.”

“ఎలా మోగుతాది? ఆ డబ్బా లాస్‌లెస్ చదవదు. నాకు తెలుసు.”

“తెలిసి ఎందుకిచ్చావు మరి? ఎంపీత్రీ చేసి ఇయ్యి. రెండు నిమిషాల పని కదా.”

“నా సేత్తో ఆ పని సెయ్యను. మీ అమ్మని మా ఇంటికి తీసుకురా. ఇంటే సరిగ్గా ఇనాలి, లేకపోతే మానీయాలి.”

మాట లేని, డెబ్బయి నాలుగేళ్ల మనిషి, తన పాట తను వినడానికి వేరే వాళ్లింటికి వెళ్లాలట! ఎంత పొగరు! పెన్‌డ్రైవ్ ఇంకెవరికైనా ఇచ్చి మార్పించేదాన్నే. కానీ అమ్మ అప్పటికే చీర మార్చుకుని, పలక సంచిలో పెట్టుకుని కూర్చుంది. ఆటో మాట్లాడుకుని వెళ్లాం.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజు ఆయన తన కుర్చీలో అమ్మని కూర్చోబెట్టాడు. తను గోడకి చేరబడ్డాడు. ఫ్యాను ఆగింది. పిన్ని వంటింట్లో పొయ్యి కట్టేసి వచ్చి నిలబడింది. పాట మొదలైంది.

నేను అబద్ధం చెప్పను. అమ్మ గొంతు ఆ గదిలో నిలబడింది. ముప్పై నాలుగేళ్ల అమ్మ, ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించేంత దగ్గరగా. నాకు కన్నీళ్లాగలేదు. అమ్మ మాత్రం తన పాట విననే లేదు. ఎదురుచూస్తోంది. మొదటి పాట అయింది, రెండోది అయింది. మూడోది నడుస్తుండగా రైలొచ్చింది, ఆయన ఆపాడు, రైలు పోయింది, మళ్లీ మొదట్నించి పెట్టాడు. మూడో పాట అయ్యేసరికి అమ్మ చూపుడు వేలు పైకెత్తి, ఇదిగో ఇప్పుడు అన్నట్టు నా వంక చూసింది.

నిశ్శబ్దం. రెండు సెకండ్లు. నాలుగో పాట.

అమ్మ వేలు అలాగే ఉండిపోయింది. తర్వాత సంచిలోంచి పలక తీసి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఆయన వైపు తిప్పింది.

“మా ఆయనేడి?”

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక గర్వంగా నవ్వాడు. “అదా వొదినా! పాటకీ పాటకీ మధ్యన డిస్టర్బెన్స్ ఉండేది. పెట్టి దించినట్టు, దగ్గినట్టు. అదంతా తీసీసి శుభ్రంగా రెండేసి సెకండ్లు ఖాళీ పెట్టినాను.”

“ఒక్క పొల్లు పోనివ్వనన్నావు!” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“పాటలో పోనివ్వలేదు. అది పాట కాదు కదే.”

“అది మా నాన్న! ఆ దగ్గు మా నాన్నది! దానికోసమే అమ్మ ఇంత దూరం వచ్చింది. తీసెయ్యకముందు కాపీ ఉంటుంది కదా, అదియ్యి.”

లేదు. లాస్‌లెస్ ఫైళ్లు ఒక్కోటి ఏనుగంత ఉంటాయి, డిస్కు నిండిపోయింది, శుభ్రం చేసినవి ఉంచుకుని మురికివి చెరిపేశాడు. కేసెట్? బూజు పట్టిన రీలు, ఎక్కించేటప్పుడు రెండుచోట్ల తెగింది, ఇంక దాంతో పనేముందని చెత్తలో పారేశాడు. ఇదంతా ఆయన గోడకేసి చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. చెబుతుంటేనే మనిషి పాలిపోయాడు. నేను దయ చూపించలేదు.

“నీ చెవులు కాలిపోను. డీజే వాడు నీకన్నా నయం. వాడు ఎవరి నాన్ననీ చెరిపెయ్యలేదు. సదర్ బజార్ కొట్టతను కోళ్లు కోసినా మనిషిని ఉంచేవాడు. నువ్వు మంచం భద్రంగా కట్ట కట్టి, దానిమీద మనిషిని పారేశావు.” ఇంకా చాలా అన్నాను. ఏడాదిగా దాచుకున్న పరీక్ష సంగతి కూడా అక్కడే, పిన్ని ముందే, మొహాన కొట్టినట్టు చెప్పేశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

ఆ తర్వాత ఆయనతో మాటల్లేవు. ఆయన మాత్రం వాట్సాప్‌లో పంపుతూనే ఉండేవాడు. “ఎతుకుతన్నాను గుంటా. సెరిపీసినా డిస్కులో ఎక్కడో మిగులుతాది.” క్షమించమన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు.

నెల దాటాక ఒకరోజు, ఆఫీసులో టిఫిన్ డబ్బా తెరుస్తుండగా ఒక ఫైలొచ్చింది. ఎంపీత్రీ. చాలా చిన్నది. కింద, “దొరికింది. ఇంతకన్నా బాగా రాలేదు” అని.

పెట్టాను. బుస్సుమని హోరు. ఆ హోరులో పెట్టె దించిన చప్పుడు. రెండు దగ్గులు. తర్వాత నూతిలోంచి వచ్చినట్టు ఒక మగగొంతు, “బాగా పాడినావు. టీ పెట్టు మరి, మళ్లీ డ్యూటీ ఉంది.” నేను బల్లమీద తలపెట్టి ఏడ్చాను. పక్క సీటు ఛత్తీస్‌గఢీ అమ్మాయి, “కా హోగే దీదీ?” అని నీళ్లు తెచ్చిచ్చింది.

సాయంత్రం అమ్మకి వినిపించాను. అమ్మ కదలకుండా వింది. మొహంలో ఏ మార్పూ లేదు. మళ్లీ పెట్టమంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ చిన్న స్పీకర్‌కి గుచ్చి ఇచ్చాను. ఆరోజు నుంచి రోజూ మధ్యాహ్నం టీ తాగేటప్పుడు ఒకసారి పెట్టుకునేది. బాబాయి అడిగాడు, “మీ అమ్మ ఇన్నాదా?” అని. “ఊఁ” అని పెట్టాను. అంతకన్నా ఒక్కక్షరం ఎక్కువ రాయడానికి నాకు మనసొప్పలేదు. మూడు వారాలకి ఆయన గుండె ఆగిపోయింది.

స్టేటస్ చూసిన మర్నాడు ఉస్లాపూర్ వెళ్లాను. పిన్ని పాటల గదిలోనే కూర్చుని ఉంది. జనం పలచబడ్డాక నా చెయ్యి పట్టుకుని, “మీ అమ్మ ఇని ఊరుకున్నాదని తెలిసి ఈయన ప్రాణం కుదుటపడ్డాదమ్మా” అంది.

“మరి వెతికి వెతికి పట్టుకున్నాడు కదా పిన్నీ” అన్నాను, పోయినవాళ్ల గురించి ఒక మంచిమాట అనాలి కాబట్టి.

పిన్ని నన్ను వింతగా చూసింది. “ఏటి దొరికింది? ఏటీ దొరకలేదు. నీకు సెప్పలేదేటి? నాల్రోజులు తలుపేసుకొని దగ్గినాడు. నాను టీబీ అనుకొని అడిలిపోనాను. బియ్యం డబ్బా అట్టుకెళ్లి నేలమీద దించడం, దగ్గడం, దించడం, దగ్గడం. డబ్బా సొట్టలు పడిపోనాది. ‘గార్డుగారు రెండుసార్లు దగ్గీవోడా, మూడుసార్లా?’ అని నన్నడిగినాడు. నాకేటి గుర్తు? మీ నాన్నలాగ గొంతు మార్సి మార్సి మాటాడి, ఆకర్న దాన్ని కంప్యూటర్లో నొక్కి నొక్కి ఇంతది సేసినాడు. ‘ఇంకెవలూ పోల్సలేరు, ఎంపీత్రీ సేసీసినాను’ అని ఆ గోడకాడ కూకొని ఏడ్సినాడు.”

నాకు ఒళ్లంతా భగ్గుమంది. చచ్చిన మనిషి ఇంట్లో కూర్చుని చచ్చిన మనిషిని తిట్టకూడదు కాబట్టి లేచి వచ్చేశాను. దొంగ! దొంగ వెధవ! నాన్నని చెరిపేసింది చాలక, నాన్న వేషం కట్టి మా ఇంట్లోకి దూరాడు. మూడు వారాలుగా మా అమ్మ వీడి దగ్గు విని టీ తాగుతోంది. ఆటోలో వస్తున్నంతసేపూ ఇదే. ఆపైన ఇంకో మంట. ఆయన చెవుల్ని చూసి ఏడాది నవ్విన నాకు, కన్నతండ్రి గొంతు తెలియలేదు. గాలి, గాలి అని ఆయన మురిసినట్టే నేను ఆఫీసు బల్లమీద పడి ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ టీ గ్లాసు పక్కన పెట్టుకుని స్పీకర్ సరిచేసుకుంటోంది. చెప్పకుండా ఉండలేకపోయాను. దాచడం నా వల్ల కాదు.

“అమ్మా, అది నాన్న కాదే. వాడే. బాబాయే నాన్నలాగ మాట్లాడి పంపాడు. నన్ను క్షమించవే.”

అమ్మ టీ గ్లాసు అవతలకి జరిపింది. పలక ఒళ్లో పెట్టుకుని, తొందర లేకుండా రాసింది.

“మొదటిరోజే తెలుసు. మీ నాన్న టీ పెట్టమన్నాడంతే. పాట బాగుందని జన్మలో అనలేదు.”

నేను చదివానో లేదో చూసుకుని, కొంగుతో పలక తుడిచేసి, స్పీకర్ బటన్ నొక్కింది.